సీసం మీద పడ్డ నింద

ఓటిస్ గ్రెన్‌డాల్ ఆ శనివారం ఉదయం పదిహేనుసార్లు కాల్చాడు. పదహారోసారి పిస్టల్ అతని చేతిలోనే పేలిపోయింది.

హార్లన్ క్రాసింగ్ షూటింగ్ క్లబ్‌లో నెలకోసారి జరిగే పోటీ అది. గోధుమ కోతలు అయిపోయి చుట్టూ గుట్టలన్నీ బోడిగా ఉన్నాయి. లైను వెనక మడత కుర్చీల్లో పాతికమంది దాకా కూర్చుని కాఫీ తాగుతున్నారు. చప్పుడులో తేడా అందరికీ తెలిసింది. అందరూ ఒక్కసారే లేచారు.

ఓటిస్ అరవలేదు. తన కుడిచేతిని ఎవరిదో వస్తువును చూసినట్టు చూశాడు. రెండు వేళ్ళు లేవు. అది పెద్ద సంగతి కాదు. గొట్టం వెనక భాగం నుంచి విరిగిన ఉక్కు ముక్క ఎడమ మోచేతి లోపలివైపు కోసుకుంటూ పోయింది. అక్కడినుంచి రక్తం పంపు తిప్పినట్టు చిమ్ముతోంది. ఆయన మెల్లగా కంకర మీద కూలబడ్డాడు.

అందరికన్నా ముందు సెలెస్ట్ ఏమరీ పరుగెత్తింది. ముప్ఫై నాలుగేళ్ళు. ఒకప్పుడు సైన్యంలో నర్సు, ఇప్పుడు క్లబ్ ప్రథమ చికిత్స ఆమె పని. ఆమె నడిచి వెళ్తుంటే తల తిప్పని మగాడు ఆ కౌంటీలో లేడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు బొటనవేళ్ళతో గాయం పైన నొక్కిపట్టి, ఆయన చెవి దగ్గర మొహం పెట్టి మాట్లాడుతూనే ఉంది. ఆయన పెదాలు కదలడం కూడా దూరం నుంచి చూశారు. అంబులెన్సు హైవే అవతలనుంచి రావాలి. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. వచ్చేసరికి ఓటిస్ చనిపోయాడు.

తీర్పు అప్పటికే వచ్చేసింది.

"సీసమే" అన్నాడొకడు. "గరాజులో కూర్చుని కారు చక్రాలకు బిగించే సీసపు బరువు బిళ్ళలు కరిగించి గుళ్ళు పోసుకోవడం, తెచ్చి ఈ కొత్తరకం పిస్టల్లో పెట్టడం. వాడొద్దని కంపెనీ పుస్తకంలోనే రాసి ఉంది."

"నేను చెప్పాను."

"నేనూ చెప్పాను."

ఆ లెక్కన అందరూ ఆయనకు చెప్పినవాళ్ళే.

* * *

ఆదివారం పదింటికి, అక్కడికి రెండువందల మైళ్ళ దూరంలో, టైర్ల దుకాణం వెనక ఉన్న కిటికీల్లేని గదిలో వేడ్ కిమ్సీ కూర్చున్నాడు. యాభై రెండేళ్ళు, పలచబడ్డ జుట్టు, ఏ గుంపులోనైనా కనబడకుండాపోయే మొహం. గూఢచర్యంలో ఆ మొహమే అతని ఆస్తి. ఎదురుగా అతని పై అధికారి ట్రూడీ హాస్కెల్.

"ఓటిస్ ఎవరో తెలుసా?" అంది.

"నార్వే నుంచి వచ్చిన రిటైర్డ్ మెకానిక్ అని ఊరు అనుకుంటోంది."

"ఊరు అలా అనుకోవాలనే పాతికేళ్ళు కష్టపడ్డాం. అవతలి దేశపు జలాంతర్గాముల శబ్దం సముద్రంలో ఎక్కడ ఎలా వినిపిస్తుందో లెక్కలు కట్టినవాడు. ఇరవై ఆరేళ్ళ క్రితం మన దగ్గరికి వచ్చేశాడు. భార్యతో సహా."

"భార్య ఎక్కడ?"

"వేరే పేరు, వేరే ఊరు. ఇద్దరూ ఒకచోట ఉంటే ఇద్దర్నీ ఒకేసారి చంపుతారు. అందుకని విడదీశాం. ఒకరు ఎక్కడున్నారో ఒకరికి చెప్పలేదు. ఈ ఇరవై ఆరేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా లేదు."

 ఇలాంటి నిర్ణయాలు వేడ్ కూడా తీసుకున్నాడు.

"పోలీసులు ప్రమాదం అంటున్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది" అంది ట్రూడీ. "కానీ అనిపించడం కోసం నాకు జీతం ఇవ్వడం లేదు. నువ్వు క్లబ్ ఇన్సూరెన్స్ మనిషివి, పేరు రాయ్ బాక్‌స్టర్. పిస్టల్ చూడు. అక్కడ మన కాపలా మనిషి నాలుగేళ్ళుగా ఉంది. నీకు తెలిసిన మనిషే."

"సెలెస్ట్?"

"నువ్వు తయారుచేసిన పిల్లే కదా. కళ్ళముందే పోయాడు, కుంగిపోయి ఉంది. కాస్త మెత్తగా మాట్లాడు."

బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది. ఇన్సూరెన్స్ కార్డులు. చొక్కా గుండీలా కనబడుతూ, మాటలు రికార్డు చేసి దూరానికి పంపే పరికరం. వానపాములా సన్నగా ఉన్న కెమెరా ఒకటి, తుపాకీ గొట్టంలోకి దూర్చి చూడటానికి.

"గుర్తుమాట?" అన్నాడు వేడ్.

"నదిలో సాల్మన్ చేపలు ఎదురెక్కాయా అని నువ్వడుగు. నీళ్ళింకా వేడిగా ఉన్నాయి అని ఆమె చెబుతుంది."

* * *

మంగళవారం మధ్యాహ్నం నది ఒడ్డున చేపలవాళ్ళు పడవలు దింపే చోట సెలెస్ట్ కలిసింది. కళ్ళు వాచి ఉన్నాయి. అయినా అందంగానే ఉంది.

"సాల్మన్ ఎదురెక్కాయా?"

"నీళ్ళింకా వేడిగా ఉన్నాయి." తర్వాత గొంతు తగ్గించింది. "నా చేతుల్లో పోయాడు, వేడ్. నాలుగేళ్ళు కాపలా కాశాను. ఏ కారు కొత్తగా వచ్చినా నంబరు రాసుకున్నాను. చివరికి ఆయన్ని ఆయన పోసుకున్న సీసమే చంపింది."

"నువ్వు చెప్పలేదా ఆయనకి?"

"వందసార్లు చెప్పాను. ఆ పిస్టల్ గొట్టం లోపల గుండును తిప్పే మామూలు గాడులు ఉండవు, పలకలు పలకలుగా ఉంటుంది. సీసం దాన్ని అంటుకుని పేరుకుంటుంది. దారి ఇరుకైపోయి వెనక ఒత్తిడి పెరుగుతుంది. పుస్తకంలో ఉన్నదే. ఆయన నవ్వి ఊరుకునేవాడు."

"చేతికి కట్టు బిగించలేకపోయావా?"

"బిగించే కట్టు, టూర్నికెట్, కారులో ఉండిపోయింది. వదిలి వెళ్తే ఆయన అర నిమిషం కూడా ఉండడు." ఆమె పెదవి కొరుక్కుంది. "వెళ్ళినా బాగుండేదేమో."

వేడ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. పదేళ్ళ క్రితం ఆమె అతని క్లాసులో ముందు వరసలో కూర్చునేది. నొప్పిలో ఉన్న మనిషి మొదట అందిన చెయ్యిని నమ్ముతాడు, ఆ చెయ్యి మీదై ఉండాలి అని అతను చెప్పిన రోజు, తల ఎత్తకుండా రాసుకున్నది ఆమె ఒక్కతే.

* * *

గురువారం పొద్దున్నే వేడ్ వెర్న్ టాలివర్ గరాజుకు వెళ్ళాడు. పోలీసులు అప్పగించిన పిస్టల్ సంచీ, ఓటిస్ తూటాల పెట్టె చేతిలో ఉన్నాయి. వెర్న్‌కు డెబ్భై నాలుగు. కలప మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు, క్లబ్‌కు కార్యదర్శి. ఓటిస్‌కు ఒకే ఒక్క స్నేహితుడు. ఇద్దరూ ఇదే గరాజులో పదిహేనేళ్ళుగా పక్కపక్కన నిలబడి సీసం పోశారు. ఒక మూల కరిగించే కుండ, దాని పైన పొగ బయటికి లాగే ఫ్యాను, గోడకు వరసగా అచ్చులు.

"ఇన్సూరెన్స్ అన్నమాట" అన్నాడు వెర్న్. "ఏం రాసుకుపోదామని వచ్చావు? ముసలాడికి బుద్ధి లేదనా?"

"మీరు చెప్పింది రాసుకుపోదామని."

"అయితే కూర్చో. ఆ కుర్చీ మీద పిల్లి ఉంది, తోసెయ్."

వేడ్ పిల్లిని దించి కూర్చున్నాడు. "పెద్దాయనా, సూటిగా అడుగుతాను. పోతపోసిన సీసపు గుళ్ళు ఇప్పటి పిస్టళ్ళలో వాడొచ్చా, వాడకూడదా?"

వెర్న్ ఒక గుండు తీసి అతని అరచేతిలో పెట్టాడు. "గోటితో గీకు."

గీత పడలేదు.

"మెత్తటి సీసమైతే గీత పడేది. ఇందులో తగరం, ఆంటిమొనీ కలిశాయి. గట్టిగా ఉండాలి, గొట్టానికి సరిపడా లావుండాలి, మైనం సరిగ్గా పట్టాలి, తుపాకీ మందు అతిగా పొయ్యకూడదు. ఈ నాలుగూ కుదిరితే మామూలు గాడుల గొట్టంలో నీ జీవితమంతా కాల్చుకో. నేను కాల్చలేదూ?"

"పలకల గొట్టంలో?"

"నేనైతే కాల్చను. మొదటి తూటాకే పేలుతుందని కాదు. వందలకొద్దీ కాల్చి, శుభ్రం చెయ్యకుండా వదిలేస్తే సీసం పేరుకుంటుంది. తర్వాతి తూటా గొట్టం వెనకున్న అరలో పూర్తిగా కూర్చోదు, ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు వేళ్ళు పోతాయి. ఇది నాకు తెలుసు, ఓటిస్‌కి ఇంకా బాగా తెలుసు. అందుకేగా వాడు గొట్టం మార్చేశాడు."

వేడ్ తల ఎత్తాడు. "ఎప్పుడు?"

"తొమ్మిదేళ్ళయింది. గాడులున్న గొట్టం విడిగా కొనుక్కున్నాడు. ఈ బల్ల మీదే బిగించాం. పాతది వాడి సొరుగులో పడి ఉండేది."

వేడ్ సంచీ విప్పి చీలిన పిస్టల్ బల్ల మీద పెట్టాడు. వెర్న్ దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూశాడు. కెమెరాను ముందువైపునుంచి గొట్టంలోకి పోనిచ్చారు. తెర మీద లోపలి గోడలు కనబడ్డాయి. నున్నటి పలకలు. గాడులు లేవు.

"ఇది పాత గొట్టం" అన్నాడు వెర్న్ నెమ్మదిగా. "ఎవరో మళ్ళీ ఇది పెట్టారు. వాడు పోటీ అవగానే తుడిచి పెట్టెలో పెడితే మళ్ళీ నెలకే తీస్తాడు. చూసుకుని ఉండడు."

"సీసం పేరుకుందా?"

"చూడు. ఆ బూడిదరంగు గీతలు. పదిహేను తూటాలకు పడేది అంతే. దీంతో పిస్టల్ పేలదు, బాబూ. సీసానికేం సంబంధం లేదు."

వెర్న్ పెట్టె లాక్కుని, మిగిలిన ముప్ఫై నాలుగు తూటాలను చిన్న త్రాసు మీద ఒక్కొక్కటే తూచడం మొదలుపెట్టాడు. ఇరవై ఒకటో తూటా దగ్గర ఆగాడు. మళ్ళీ తూచాడు. పనిముట్టుతో గుండు ఊడదీసి మందు కాగితం మీద పోశాడు. ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది.

"ఆయన పొరపాటు చేశాడంటారా?" అన్నాడు వేడ్.

"వాడు నింపిన ప్రతి తూటా నంబరుతో సహా పుస్తకంలో రాసుకునే మనిషి. ఒకటి పొరపాటంటే ఒప్పుకుంటాను. ఒకే పెట్టెలో రెండా?" వెర్న్ ఆ కాగితాన్ని వేడ్ వైపు తోశాడు. "ఒకటి తప్పిపోతే ఇంకోటి ఉండాలని పెట్టారు. గొట్టం మార్చింది ఊరు నమ్మడానికి. సీసం వల్లే పేలిందని అందరం నమ్మాం. ఆ నిమిషంలో నేనూ నమ్మాను."

వేడ్ తన పిస్టల్ తీశాడు. అదే రకం, అదే పలకల గొట్టం. అందులోని తూటాలు బల్ల మీది రేకు డబ్బాలోకి వంపి, వెర్న్ తూచి పక్కన పెట్టిన ఓటిస్ తూటాలు ఇరవై తీసుకున్నాడు. గరాజు వెనక మట్టిగట్టు ఉంది. పది కాల్చాడు. ఏమీ కాలేదు. కెమెరా పెట్టి చూస్తే అవే సన్నటి గీతలు. మిగతా పది పిస్టల్‌లోకి ఎక్కించి రెండో విడత కాల్చబోతూ అడిగాడు.

"ఆ నర్సు చాలాసేపు ఆయనతో మాట్లాడిందట కదా. స్పృహ పోకుండానా?"

వెర్న్ మొహం తిప్పుకున్నాడు. "అది నేను చెప్పకూడదు. చచ్చినవాడి సొంత విషయం."

"చెప్పండి."

"నా చెవుల మీద ఎలక్ట్రానిక్ మఫ్‌లు ఉన్నాయి. పేలుడు చప్పుడు ఆపేస్తాయి, చిన్న మాటల్ని పెద్దగా వినిపిస్తాయి. పది అడుగుల దూరంలో ఉన్నాను. ఆ అమ్మాయి అడిగింది, హన్నా ఎక్కడ ఉంది, చెప్పండి, ఆమెను కాపాడాలి అని. వాడు చెప్పాడు. డన్‌మోర్ సంతలో జామ్ అమ్ముతుంది అని. ఎవరో ఆడమనిషి ఉందన్నమాట, పోలీసులకెందుకు అని ఊరుకున్నాను."

వేడ్ పిస్టల్ దించి అడిగాడు. "తర్వాత?"

"తర్వాత ఆ అమ్మాయి చేతులు జారిపోయాయి. రక్తం కదా, జారతాయి అనుకున్నాను."

"ఆమె టూర్నికెట్ కారులో ఉందట."

"ఎవరన్నారు? ఆమె నడుముకే ఉంది. ఎర్ర సంచీ. ఎప్పుడూ అక్కడే ఉంటుంది."

* * *

వేడ్ ట్రక్కు నడుపుతూనే ట్రూడీకి ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు.

"భార్య పేరు హన్నానేనా?" అన్నాడు.

"అవును. ఆమె ఎక్కడుందో ఓటిస్‌కి తెలియకూడదు. కానీ తెలుసు. ఎనిమిదేళ్ళ క్రితం సంతలో అనుకోకుండా చూశాడు, అప్పటినుంచీ ఏటా వెళ్ళి దూరంనుంచి చూసి వచ్చేవాడు" అంది ట్రూడీ. "వేడ్, ఏడాదికోసారి జరిగే డన్‌మోర్ సంత ఈ రోజే మొదలు. పొద్దున సెలెస్ట్ ఫోన్ చేసింది. సంతలో ప్రథమ చికిత్స గుడారంలో పనిచేస్తానంది. వెళ్ళమ్మా, మనసు కుదుటపడుతుంది అన్నాను."

"అక్కడి పోలీసు డెప్యూటీలను పంపండి."

"ఏ డెప్యూటీ ఆమెకు స్నేహితుడో నాకు తెలీదు. యూనిఫారం కనబడగానే పని ముగించేస్తుంది. వాళ్ళను గేటు దగ్గర మాత్రమే పెడతాను. నువ్వు వెళ్ళు."

అరవై మైళ్ళు. దారి పొడవునా గోధుమ లారీలు. వేడ్ పిస్టల్ సీటు మీద ఉంది. అందులో ఉన్నవి ఓటిస్ తూటాలని, తన తూటాలు వెర్న్ రేకు డబ్బాలో ఉండిపోయాయని అతనికి సగం దారిలో గుర్తొచ్చింది.

* * *

డన్‌మోర్ సంతలో పదకొండున్నరకు గొర్రెల పోటీ జరుగుతోంది. మైకులో ఎవరో బరువులు చదువుతున్నాడు. జామ్ బల్లల వరసలో ఒక బల్ల వెనక ఎవరూ లేరు. హకల్‌బెర్రీ పళ్ళ జామ్ సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"హన్నా ఎక్కడ?" అన్నాడు వేడ్ పక్క బల్ల ఆవిడతో.

"నర్సమ్మ వచ్చి పిలుచుకెళ్ళింది. ఏదో మంచి కబురేనేమో. పిచ్చిది, ఏప్రన్ కూడా విప్పకుండా వెళ్ళింది."

గుడారం సంత చివర ఉంది. తలుపు గుడ్డ మూసి ఉంది. లోపలి మాట వినబడింది.

"నిజంగా బతికే ఉన్నారా?" ముసలి గొంతు. "నన్ను అడిగారా?"

"మీ పేరే పలవరిస్తున్నారు. చెయ్యి దెబ్బతింది, అంతే. రెండు గంటల ప్రయాణం. మీ బీపీ చాలా ఎక్కువగా ఉంది. ఈ ఇంజెక్షన్ చేయించుకుంటే దారిలో ఇబ్బంది ఉండదు."

"నా జుట్టు చూడండి ఎలా ఉందో. నేనిలా ఉంటానని ఆయనకు తెలీదు."

వేడ్ గుడ్డ తొలగించి లోపలికి అడుగుపెట్టాడు. హన్నా కుర్చీలో కూర్చుని ఉంది. చిన్న మనిషి, తెల్లటి జడ, ఊదారంగు మరకల ఏప్రన్. చొక్కా చెయ్యి పైకి మడిచి ఉంది. సెలెస్ట్ ఆమె వెనకకు జరగడానికి అర సెకను కూడా పట్టలేదు. ఎడమ చెయ్యి ముసలామె గడ్డం కింద, కుడిచేతిలోని సూది ఆమె మెడ మీద.

"సూది కింద పడెయ్, సెలెస్ట్."

"ముందు నీది. నువ్వు కాల్చేలోపు నా బొటనవేలు నొక్కడం అవుతుంది. లెక్క నువ్వు నేర్పిందే."

హన్నా కదల్లేదు. కళ్ళు మాత్రం వేడ్ మీద ఉన్నాయి. ఆ కళ్ళలో భయం ఇంకా పూర్తిగా రాలేదు. ముందు విన్న కబురు తాలూకు వెలుగు ఇంకా పోలేదు.

"ఓటిస్ చెప్పేశాక కూడా ఎందుకు వదిలావు?" అన్నాడు వేడ్. "కట్టు బిగిస్తే బతికేవాడు."

"బతికి ట్రూడీకి చెప్పేవాడు."

ముసలామె నోటినుంచి చిన్న శబ్దం వచ్చింది. ఆ వెలుగు అప్పుడు పోయింది.

వేడ్ పిస్టల్ దించలేదు. "వెర్న్ గరాజునుంచి నేరుగా వస్తున్నాను. ఇందులో నా తూటాలు లేవు. ఓటిస్ పెట్టెలోంచి తీసుకున్న పది ఉన్నాయి."

సెలెస్ట్ పెదాల మీద చిన్న నవ్వు కనబడింది. చూపు మాత్రం అతని మొహం మీదనుంచి పిస్టల్ మీదికి జారింది.

"సీసం గుళ్ళా? ఆ గొట్టంలోనా?" అంది. "వేళ్ళు పోతాయి, వేడ్."

"పోవు. పదిహేను కాల్చినా పోలేదు ఆయనవి. ఏది పదహారోదో నాకు తెలీదు. నీకు తెలుసా?"

అతని వేలు బిగుసుకోవడం ఆమె చూసింది. మనసు ఆపాలనుకున్నా ఒళ్ళు వినలేదు. మొహం పక్కకు తిరిగిపోయింది, భుజం పైకి లేచింది, సూది మెడనుంచి జానెడు దూరం జరిగింది. పిస్టల్ పేలబోతోందని ఎదురుచూసే మనిషి చేసే పని అది.

వేడ్ కాల్చాడు. గుండు ఆమె కుడి భుజం కింద, చేతి కండలో దిగింది. పిస్టల్ మామూలుగా ఎగిరి, మామూలుగా తన చోటికి వచ్చింది. సూది గడ్డిలో పడింది. సూదిలోని మందు గడ్డి మీద కొద్దిగా కారింది.

బయట మైకులో గొర్రె బరువు చదవడం ఒక క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

వేడ్ ఆమె నడుముకున్న ఎర్ర సంచీలోంచి కట్టు తీసి గాయం పైన, చెయ్యి చుట్టూ గట్టిగా బిగించాడు. కావలసినదానికన్నా గట్టిగా బిగించాడు. ఆమె పళ్ళ మధ్యనుంచి ఊపిరి లాగింది.

"మొహం తిప్పావు" అన్నాడు. "సీసమే కారణమని నమ్మినదానివైతే, ఒక్క తూటాకు తిప్పేదానివి కాదు."

"చెడ్డ తూటా తీసేశారా?"

"వెర్న్ తూచాడు. నీ మనుషులు ఎక్కడ?"

ఆమె కళ్ళు మూసుకుంది. అతను కట్టు బిగించే పుల్లను ఇంకో అర చుట్టు తిప్పాడు. ఆమె గొంతులోంచి మాట దానంతటదే వచ్చింది. పార్కింగులో తెల్ల మోటర్‌హోమ్ బండి, లోపల ఇద్దరు మగవాళ్ళు, పైన చిన్న కయాకు పడవలు కట్టి ఉన్నాయి. గేటు దగ్గరున్నవాళ్ళకు వేడ్ గుండీలోకి ఆ మాటే చెప్పాడు. నాలుగు నిమిషాల్లో ఇద్దరినీ నేలమీద బోర్లా పడుకోబెట్టారు. వాళ్ళ దగ్గర ఇంకో ముగ్గురి ఫోటోలు దొరికాయి. ఓటిస్ లాగానే పేర్లు మార్చుకుని బతుకుతున్న మనుషులు.

"నేను నీకు ఇది నేర్పలేదు" అన్నాడు వేడ్, ఆమెను తీసుకెళ్ళబోయే ముందు.

"నేర్పావు, వేడ్" అంది సెలెస్ట్. మొహం తెల్లబడిపోయింది, అయినా మాట స్పష్టంగా ఉంది. "క్లాసులో కాస్త మెత్తటి మాటలతో చెప్పేవాడివి, అంతే."

* * *

ట్రూడీ హెలికాప్టర్‌లో వచ్చేసరికి ఒంటిగంట అయింది. హన్నా అదే కుర్చీలో కూర్చుని ఉంది.

"ఆయన లేరు కదూ?" అంది వేడ్‌తో.

"లేరు. శనివారం పోయారు."

"ఎక్కడ ఉండేవారు?"

వేడ్ ట్రూడీ వైపు చూశాడు. ట్రూడీ తల ఊపలేదు, అడ్డు చెప్పలేదు.

"అరవై మైళ్ళ దూరంలో. మీరు ఇక్కడున్నారని తెలుసు. ఏటా సంతకు వచ్చి, గొర్రెల షెడ్డు దగ్గర నిలబడి మిమ్మల్ని చూసి వెళ్ళేవారట."

 ఏదో ఒక మనిషిని గుర్తుచేసుకుంటున్నట్టు హన్నా కనుబొమలు దగ్గరపడ్డాయి.

"గడ్డం, నల్ల కళ్ళద్దాలు, పెద్ద టోపీ?" అంది. "రోజంతా కదలకుండా నిలబడేవాడు?"

ట్రూడీ తల ఊపింది.

"నేను ఆయన మీద ఫిర్యాదు చేశాను" అంది. "ఎవడో నన్ను వెంటాడుతున్నాడు, అవతలివాళ్ళ మనిషిలా ఉన్నాడు అని మీకే ఫోన్ చేశాను కదా, ట్రూడీ గారూ. మీరు చూసుకుంటామన్నారు. తర్వాతి ఏడాది నుంచి అతను ఇంకా వెనక్కి, ట్రాక్టర్ల దగ్గర నిలబడేవాడు. అమ్మయ్య అనుకున్నాను."

"దగ్గరికి వస్తే వేరే రాష్ట్రానికి పంపేస్తామని ఆయనకు చెప్పాం" అంది ట్రూడీ. "మిమ్మల్ని కాపాడటానికి."

"కాపాడారు" అంది హన్నా. ఏప్రన్ విప్పి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో పెట్టుకుంది. "ఖననం ఎప్పుడు?"

"శనివారం. కానీ మీరు రాలేరు. మీ పేరు వాళ్ళకు చేరిందో లేదో తెలీదు. ఇంకో గంటలో మిమ్మల్ని తీసుకెళ్ళాలి. కొత్త ఊరు, కొత్త పేరు."

హన్నా లేచింది. గుడారం బయటికి వచ్చి జామ్ బల్లల వైపు కాకుండా ట్రాక్టర్ల వైపు నడిచింది. అక్కడ ఒకచోట ఆగి, వెనక్కి తిరిగి, అక్కడినుంచి తన బల్ల ఎలా కనబడుతుందో చూసింది. వేడ్ గడియారం చూసుకోలేదు. ట్రూడీ మాత్రం రెండుసార్లు చూసుకుంది.

* * *

ఖననం అయిన మూడోరోజు క్లబ్ సభ జరిగింది. వేడ్ చివరిసారి రాయ్ బాక్‌స్టర్‌గా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. సెలెస్ట్ ఏమరీకి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చిందని అందరికీ చెప్పారు. పాపం, ఆ పిల్ల ఎంత కష్టపడింది ఆయన కోసం, అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఆమెకు కృతజ్ఞతా ఫలకం పంపాలని తీర్మానించారు.

తర్వాత ఇన్సూరెన్స్ నివేదిక చదివారు. ప్రమాదానికి కారణం: పోతపోసిన సీసపు గుళ్ళను తగని గొట్టంలో వాడటం. దర్యాప్తులో ఇతర కారణాలేవీ కనబడలేదు. ట్రూడీ కార్యాలయంలో రాసిన వాక్యాలవి, కామాలతో సహా.

ఇకమీదట క్లబ్ ఆవరణలో సీసపు గుళ్ళు నిషేధం అనే తీర్మానానికి ఇరవై ఆరు చేతులు లేచాయి. వెర్న్ చెయ్యి లేవలేదు. అతని చేత కూడా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, తెలిసింది ఎవరికీ చెప్పనని. అందుకని సభ అయ్యేదాకా కిటికీలోంచి బోడిగుట్టలు చూస్తూ కూర్చున్నాడు.

బయట ట్రక్కు దగ్గర వేడ్ అతన్ని కలిశాడు.

"ఆ నివేదిక కింద సంతకం నీదేనా?" అన్నాడు వెర్న్.

"నాదే."

"చదివే పెట్టావా?"

"రెండుసార్లు చదివాను."

వెర్న్ టోపీ సర్దుకుని ట్రక్కు తలుపు తీశాడు.

"నీ అదృష్టం బాగుంది, బాబూ" అన్నాడు. "సీసానికి వకీలును పెట్టుకోవడం చేతకాదు."